తడిసిన ల్యాప్‌టాప్‌: నీటికన్నా తొందరపాటే చేటు

న్యూఢిల్లీ: టీ ఒలికి ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ రాని కంప్యూటర్ మరమ్మతు దుకాణం దేశంలో ఉండదంటే అతిశయోక్తి కాదు. రాజధానిలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు, చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్‌.పి. రోడ్డు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి మార్కెట్లన్నింటిలోనూ ఇది నిత్యం కనిపించే కేసే. ద్రవం పడిన యంత్రం మళ్లీ పనిచేస్తుందా, శాశ్వతంగా మూలనపడుతుందా అన్నది ఎంత ద్రవం పడిందన్న దానికంటే, పడిన తరువాత తొలి కొన్ని నిమిషాలలో యజమాని ఏం చేశాడన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎక్కువమంది చేసే పని మాత్రం ఒక్కటే. గుడ్డతో పైపైన తుడిచి, పనిచేస్తున్నదో లేదో చూద్దామని పవర్ బటన్ నొక్కుతారు. బతకవలసిన యంత్రం చాలాసార్లు అక్కడే చచ్చిపోతుంది.

దీనిని ఉన్నవారి సమస్యగా కొట్టిపారేయడానికి వీలులేదు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చిన నాటి నుంచి ల్యాప్‌టాప్ కార్యాలయపు బల్ల దిగి ఇంటి భోజనాల బల్ల మీదకు, వంటింటి గట్టు మీదకు చేరింది. ఒకే యంత్రంపై పగలు పిల్లల తరగతులు, సాయంత్రం పెద్దల ఉద్యోగాలు సాగిన కుటుంబాలు ఎన్నో. చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసిపెట్టే పన్ను సలహాదారుకు 20వ తేదీ గడువుకు ముందురోజు యంత్రం ఆగిపోతే, అందులోని లెక్కలు చేతికందక ఖాతాదారులందరికీ ఆలస్య రుసుము తప్పదు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థికి ఆ యంత్రంలో ఉన్నది ఏడాది ప్రాజెక్టు. వాయిదాల పద్ధతిపై కొన్నవారు యంత్రం మూలనపడినా వాయిదాలు కడుతూనే ఉండాలి.

చిలుము పట్టే తీరు

నీరు తగిలిన ప్రతి ఎలక్ట్రానిక్ పరికరమూ పాడవుతుందన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. సర్క్యూట్ బోర్డులను తయారుచేసే కర్మాగారాలలో వాటిని లవణాలు తీసివేసిన శుద్ధజలంతో కడిగే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. విద్యుత్తు లేని బోర్డుపై అటువంటి నీరు పడి పూర్తిగా ఆరిపోతే పెద్దగా జరిగేదేమీ ఉండదు. ఇళ్లలో ఒలికేది శుద్ధజలం కాకపోవడం, ఒలికే సమయానికి బోర్డులో విద్యుత్తు ఉండడం, ఈ రెండూ కలిసినప్పుడే ముప్పు వస్తున్నది.

కుళాయి నీటిలోనూ, బోరు నీటిలోనూ కరిగి ఉన్న లవణాలు దానిని విద్యుద్వాహకంగా మారుస్తాయి. సాధారణంగా ల్యాప్‌టాప్‌కు చార్జర్ నుంచి 19 లేదా 20 వోల్టులు, లోపలి బ్యాటరీ నుంచి 11 నుంచి 15 వోల్టుల వరకు అందుతాయి. ప్రాసెసర్‌కు కావలసింది మాత్రం సుమారు ఒక వోల్టు. మెమరీకి, ఇతర చిప్‌లకు మరికొన్ని స్థాయిలు. ఈ దారులన్నీ బోర్డుపై ఒకదానికొకటి మిల్లీమీటరులో కొద్ది భాగం దూరంలో నడుస్తుంటాయి. వాటి మధ్యకు ఒక చుక్క టీ చేరితే, మూడు వోల్టులకు మించి తట్టుకోలేని చిప్‌లోకి ఒక్కసారిగా పంతొమ్మిది వోల్టులు దూరవచ్చు. అది కాలిపోవడానికి క్షణం చాలు.

రెండో రకం నష్టం నెమ్మదిగా జరుగుతుంది కనుక అదే ఎక్కువగా మోసం చేస్తుంది. రాగి చెంబుకు చిలుము పట్టడం తెలుగు ఇళ్లలో తెలియనివారుండరు. బోర్డుపై ఉన్నదీ రాగే. తడికి విద్యుత్తు తోడైతే, చెంబుకు నెలల తరబడి పట్టే చిలుము ఇక్కడ గంటల్లో, రోజుల్లో పడుతుంది. ధన ధ్రువం వైపు లోహం కరిగి, రుణ ధ్రువం వైపు చెట్టు కొమ్మల ఆకారంలో సన్నని పోగులుగా పేరుకుంటుంది. ఆ పోగు పెరిగి అవతలి దారిని తాకిందంటే షార్ట్ సర్క్యూట్ అయినట్లే. టీ పడిన మరునాడు చక్కగా పనిచేసిన ల్యాప్‌టాప్ వారం తిరిగేసరికి ఆగిపోవడానికి కారణం ఇదే. ఆరిపోయింది కదా అని సంతోషించిన యజమానికి ఈ రెండో దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థం కాదు.

ల్యాప్‌టాప్‌ను ఆపివేసినంత మాత్రాన అందులో విద్యుత్తు పూర్తిగా ఆగిపోదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. పవర్ బటన్‌ను ఎప్పుడు నొక్కుతారా అని కనిపెట్టుకుని ఉండే ఒక చిన్న చిప్‌కు నిరంతరం 3.3 వోల్టులు అందుతూనే ఉంటాయి. పాత యంత్రాలలో అడుగున గడియను జరిపితే బ్యాటరీ చేతికి ఊడివచ్చేది. యంత్రం పల్చగా ఉండాలన్న మోజులో కంపెనీలు బ్యాటరీని లోపల అమర్చి స్క్రూలు బిగించాయి. ఆ పల్చదనానికి వినియోగదారుడు చెల్లిస్తున్న మూల్యంలో ఇదొకటి. ప్రకటనల్లో మాత్రం ఈ ముక్క కనిపించదు.

ఒలికిన ద్రవాన్ని బట్టి కూడా తీవ్రత మారుతుంది. మంచినీరు కొంత నయం. చక్కెర, పాలు కలిసిన టీ కాఫీలు ఆరిన తరువాత జిగురుగా మిగిలి, గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటాయి. శీతల పానీయాలలోనూ, నిమ్మరసంలోనూ ఉండే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీరు విద్యుత్తును మంచినీటికంటే సులువుగా ప్రవహింపజేస్తాయి. కనుక మెకానిక్కు ఏం పడిందని అడిగినప్పుడు మొహమాటపడి నీళ్లే పడ్డాయని చెప్పడం వల్ల నష్టమే గాని లాభం లేదు. మూత తెరవగానే వాసనే నిజం చెబుతుంది.

ముందు ప్లగ్గు, తరువాతే గుడ్డ

ద్రవం పడిన వెంటనే మొదట చేయవలసింది గోడ వద్ద స్విచ్ ఆపి, ఆ తరువాత చార్జర్‌ను తీసివేయడం. తడిచేతితో ప్లగ్గును పట్టుకోరాదు. ఆ వెనువెంటనే పవర్ బటన్‌ను పది, పదిహేను సెకన్లపాటు నొక్కిపట్టి యంత్రాన్ని ఆపాలి. తెరిచి ఉన్న ఫైళ్లను భద్రపరచుకునేందుకు ఆగితే, ఫైళ్లతోపాటు యంత్రమూ పోవచ్చు. పెన్‌డ్రైవ్, మౌస్ వంటివి ఊడదీసి, మూతను వీలైనంత తెరచి, గుడ్డపై ల్యాప్‌టాప్‌ను డేరా ఆకారంలో బోర్లించాలి. కీబోర్డు కిందికి చూస్తూ ఉండడం వల్ల ద్రవం లోపలికి దిగకుండా వచ్చిన దారినే బయటకు కారుతుంది. అటూ ఇటూ ఊపడం, కుదపడం వద్దు. అలా చేస్తే అంతవరకు తడవని భాగాలు కూడా తడుస్తాయి.

బ్యాటరీని వేరుచేయడం తరువాతి మెట్టు. అన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే. అడుగు మూత స్క్రూలు విప్పడం అలవాటున్నవారు బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయవచ్చు. అలవాటు లేనివారు ఆ సాయంత్రమే సమీపంలోని దుకాణానికి తీసుకువెళ్లి, కనీసం ఆ ఒక్క పనైనా చేయించుకోవాలి. దుకాణంలో వంతు వచ్చేసరికి మూడు రోజులు పట్టినా ఫరవాలేదు గాని, ఆ మూడు రోజులూ బ్యాటరీ బోర్డుకు తగిలించి ఉండరాదు. బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా, ఘాటైన వాసన వచ్చినా దాని జోలికి పోకుండా యంత్రాన్ని మండే వస్తువులకు దూరంగా పెట్టి నిపుణులను పిలవవలసి ఉంటుంది.

ఇక బియ్యం సంగతి. తడిసిన ఫోన్లను, ల్యాప్‌టాప్‌లను బియ్యం డబ్బాలో పాతిపెట్టడం దేశమంతటా గృహవైద్యంగా స్థిరపడిపోయింది. మూత బిగించి ఉన్న యంత్రం లోపల, కీబోర్డు పొరల మధ్య చిక్కుకున్న టీని బయట ఉన్న బియ్యం పీల్చడమన్నది జరిగే పని కాదు. పీల్చినా నీటినే తప్ప చక్కెరను, లవణాలను తీయలేదు. పైగా గంజి పొడి, నూకలు సందుల్లో దూరుతాయి. ఐఫోన్ తడిస్తే బియ్యంలో పెట్టవద్దని, చిన్న చిన్న నూకలు ఫోన్‌ను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ తన సూచనలలోనే పేర్కొంది. హెయిర్ డ్రయ్యర్ అంతకంటే ప్రమాదకరం. దాని గాలి ద్రవాన్ని లోలోపలికి నెడుతుంది, దాని వేడి కీలను వంకర చేస్తుంది. లిథియం బ్యాటరీకి వేడి బొత్తిగా పడదు. ఎండలో పెట్టడం కూడా ఈ కోవలోనిదే. ఫ్యాను గాలి, రెండు మూడు రోజుల ఓపిక, ఇంతకు మించిన ఇంటి వైద్యం లేదు.

అయితే ఆరడం వేరు, శుభ్రపడడం వేరు. నీరు కాక మరేదైనా పడినప్పుడు బోర్డును బయటకు తీసి, 99 శాతం గాఢత గల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తని బ్రష్షు ముంచి మరకలను కడగడం తప్పనిసరి. దుకాణాలలో ఐపీఏ అని అడిగితే ఇచ్చేది ఇదే. నీటిని తనలో కలుపుకుని త్వరగా ఆవిరైపోవడం దీని సుగుణం. త్వరగా అంటుకునే స్వభావం కూడా ఉన్నందున పొయ్యి దగ్గర, దీపం దగ్గర వాడరాదు. ఈ పని అయ్యేవరకు యంత్రాన్ని ఒక్కసారి కూడా ఆన్ చేసి చూడకపోవడమే క్షేమం.

లక్షణాన్ని బట్టి లోపం

ఇంత చేసినా యంత్రం స్టార్ట్ కాకపోతే అన్నీ అయిపోయినట్లు కాదు. ఎక్కడ ఆగిందన్నది చూస్తే మరమ్మతు ఖర్చు కూడా దాదాపుగా తెలిసిపోతుంది.

మొదట చార్జర్‌ను విడిగా పరీక్షించాలి. అదే తడిసి ఉంటే లోపం ల్యాప్‌టాప్‌లో ఉండకపోవచ్చు. చాలా చార్జర్లకు చిన్న దీపం ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు వెలుగుతూ, ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఆ దీపం ఆరిపోతే, బోర్డుపై ప్రధాన విద్యుత్ దారిలో షార్ట్ ఉన్నట్లు గ్రహించాలి. చార్జర్ తనను తాను కాపాడుకునేందుకు ఆగిపోతున్నదన్నమాట. అటువంటప్పుడు వెంటనే తీసివేయాలి. మళ్లీ మళ్లీ పెట్టి చూడడం మిగిలిన చిప్‌లను కూడా బలిపెట్టడమే. ఇటువంటి షార్ట్‌కు తరచు ఆవగింజంత కెపాసిటర్ ఒక్కటే కారణమవుతుంది. ధర చూస్తే కొన్ని రూపాయలే. మల్టీమీటర్‌తో దానిని పట్టుకోవడంలోనే మెకానిక్కు పనితనమంతా ఉంటుంది.

చార్జింగ్ దీపం మామూలుగానే వెలుగుతూ, బటన్ నొక్కితే చలనం లేకపోతే అనుమానం ముందుగా కీబోర్డు మీదకు పోవాలి. అనేక మోడళ్లలో పవర్ బటన్ కీబోర్డులోనే భాగం. ద్రవం మొదట పడేదీ కీబోర్డు మీదే. దాని పల్చని పొరల మధ్య టీ గడ్డకడితే బటన్ సంకేతం బోర్డుకు చేరదు, లేదా ఎప్పుడూ నొక్కి ఉన్నట్లే చేరుతుంది. అనుభవం గల మెకానిక్కు కీబోర్డు రిబ్బన్‌ను ఊడదీసి, బోర్డును వేరే మార్గంలో స్టార్ట్ చేసి చూస్తాడు. అది లేచిందంటే కీబోర్డు మార్పుతో పని ముగిసినట్లే. బోర్డు మార్పిడితో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం. ఇది తెలియకనే బోర్డు పోయిందన్న మాట నమ్మి యంత్రాన్ని వదులుకున్నవారూ ఉన్నారు.

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే టీవీకో, మరో మానిటర్‌కో కలిపి చూడాలి. అక్కడ బొమ్మ వస్తే లోపం తెరకు వెళ్లే కేబుల్‌లోనో, తెర వెనుక దీపానికి విద్యుత్తునిచ్చే సర్క్యూట్‌లోనో ఉంటుంది. అక్కడా రాకపోతే మెమరీ కార్డును తీసి, దాని అంచులను శుభ్రపరచి తిరిగి పెట్టి చూస్తారు.

యంత్రం లేవకపోయినా అందులోని సమాచారం చాలావరకు క్షేమంగానే ఉంటుందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఎస్‌ఎస్‌డి విడిగా అమర్చిన యంత్రాలలో దానిని విప్పి, చిన్న పెట్టెలాంటి ఎన్‌క్లోజర్‌లో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు దొరుకుతాయి. మరమ్మతు మాట ఎలా ఉన్నా, గడువు మీద ఉన్న పన్ను సలహాదారు ముందుగా చేయించుకోవలసింది ఈ పనే. విండోస్ 11తో వచ్చే అనేక యంత్రాలలో డిస్క్‌కు తాళం వేసినట్లు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. వేరే యంత్రంలో పెట్టినప్పుడు అది 48 అంకెల రికవరీ కీని అడుగుతుంది. ఆ కీ సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయినవారికి డిస్క్ చేతిలో ఉన్నా లేనట్లే. ఇక ఆపిల్ మ్యాక్‌బుక్‌లవంటి యంత్రాలలో నిల్వ చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి. 2018 నుంచి టి2 భద్రతా చిప్‌తోనూ, 2020 నుంచి ఆపిల్ సొంత ప్రాసెసర్లతోనూ వచ్చిన మోడళ్లలో సమాచారం ఆ బోర్డులోని చిప్‌తోనే ముడిపడి ఉంటుంది. వాటిలో సమాచారం కావాలంటే బోర్డును బతికించుకోవడం తప్ప గత్యంతరం లేదు.

బోర్డు మార్పిడా, చిప్ మరమ్మతా?

ల్యాప్‌టాప్‌ల మామూలు వారంటీలో ద్రవ నష్టం సాధారణంగా చేరదు. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి విడిగా రక్షణ పథకం కొనుక్కున్నవారికే ఆ సదుపాయం ఉంటుంది. తడి తగిలితే ఎర్రబారే చిన్న తెల్ల చీటీలను కొన్ని కంపెనీలు యంత్రం లోపల అతికిస్తున్నాయి. అటువంటి చీటీల ఆధారంగా ఐఫోన్, ఐపాడ్ టచ్‌ల వారంటీని అన్యాయంగా నిరాకరించారన్న దావాలో ఆపిల్ సంస్థ అమెరికాలో 2013లో 5.3 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకోవడం గమనార్హం.

అధీకృత సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా లభించే సమాధానం మదర్‌బోర్డు మొత్తాన్నీ మార్చడం. పాత యంత్రానికైతే ఆ అంచనా కొత్త ల్యాప్‌టాప్ ధరకు దగ్గరగా వెళుతుంది. కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. ఒకసారి చిలుము పట్టిన బోర్డుకు మళ్లీ హామీ ఇవ్వడం కష్టమే. అయితే పది రూపాయల విడిభాగం పోయినందుకు వేల రూపాయల బోర్డును మార్చవలసి రావడం వినియోగదారుడికి మింగుడుపడే విషయం కాదు. ఈ ఖాళీని పూరిస్తున్నది నెహ్రూ ప్లేస్ వంటి మార్కెట్లలోని చిప్ లెవెల్ మెకానిక్కులు. సూక్ష్మదర్శిని, హాట్ ఎయిర్ యంత్రం, పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌లు, ఇవే వారి పెట్టుబడి. బోర్డు సర్క్యూట్ చిత్రాలను కంపెనీలు వారికి ఇవ్వవు. చేతులు మారి వచ్చిన ప్రతులతోనే నెట్టుకొస్తున్నారు. అందరూ ఒకే స్థాయి పనివారని చెప్పలేము. అవసరానికి మించి వేడిచేసి బోర్డును వంచేవారు, మంచి విడిభాగం తీసి పాతది పెట్టేవారు కూడా ఉన్నారు. యంత్రం అప్పగించే ముందు మెమరీ, ఎస్‌ఎస్‌డి నంబర్లను ఫోటో తీసుకోవడం, అంచనాను కాగితంపై రాయించుకోవడం మంచిది.

ఈ వ్యవహారం ప్రభుత్వం దృష్టికి రాకపోలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై అదనపు కార్యదర్శి నిధి ఖరే అధ్యక్షతన కమిటీని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు దీని పరిధిలోకి వచ్చాయి. 2024 సెప్టెంబరులో భరత్ ఖేరా అధ్యక్షతన ఏర్పడిన మరో కమిటీ 2025 మే నెలలో నివేదిక సమర్పించింది. ఒక వస్తువును విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, మరమ్మతు సమాచారం అందుబాటులో ఉందా అన్నవాటిని బట్టి మార్కులు వేసి, ఆ సూచికను కొనుగోలుదారుకు కనిపించేలా ప్రకటించాలని అందులో సిఫారసు చేశారు. ముందు వరుసలో ఉన్నవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు.

ల్యాప్‌టాప్ కొనేవారికి ఇటువంటి మార్కులు లేకున్నా దుకాణంలోనే చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. కీబోర్డు విడిగా మారుతుందా, ఎస్‌ఎస్‌డి ఊడివస్తుందా అన్నది అడిగి తెలుసుకోవచ్చు. థింక్‌ప్యాడ్ శ్రేణిలో అనేక మోడళ్లకు కీబోర్డు మీద పడిన ద్రవం కింది నుంచి కారిపోయేందుకు కాలువల వంటి దారులు, అడుగున రంధ్రాలు చాలాకాలం నుంచే ఉన్నాయి. పడింది గ్లాసెడు నీళ్లయితే అవి ఆదుకోవచ్చు. ఎన్నిసార్లు పడినా ఆదుకుంటాయని అర్థం కాదు.

మార్చివేసిన బోర్డులకు ఇంకో ప్రయాణం మిగిలే ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం 2019-20లో దేశంలో సుమారు 10.14 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్లకే చేర్చవలసి ఉంది. కాగా ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్‌లో పాత కంప్యూటర్లను సుత్తి, స్క్రూడ్రైవర్లతో విడదీసే పని ఏళ్ల తరబడి సాగింది. అక్కడి నుంచి బోర్డులు చేరే చోట్లలో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఒకటి. రాగి కోసం, మరికొన్ని లోహాల కోసం వాటిని అక్కడ రామగంగ నది ఒడ్డున కాల్చేవారు.